‘పర్మనెంట్’ అంటే ఎంతకాలం?



ప్రతి ఏడాదీ హాస్టల్ తెరిచిన మొదటి వారంలో మన వరండాలో ఒకటే సందడి. కొత్తగా చేరినవాళ్ళు ట్రంకు పెట్టె మీద అప్లికేషన్ పెట్టుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటారు. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టుమచ్చలు వరకు చకచకా నింపేస్తారు. అక్కడినుంచి రెండు గడులు వస్తాయి. ఒకటి ప్రెజెంట్ అడ్రస్, రెండోది పర్మనెంట్ అడ్రస్. పెన్ను ఆగేది అక్కడే.

ఈ ఏడాది ఇంటర్ ఫస్టియర్‌లో చేరిన ఒక తమ్ముడు మా గదికి వచ్చి అడిగాడు. “అన్నా, మాది అద్దిల్లు. సంక్రాంతి పోయాక అమ్మా నాన్నా ఇటుక బట్టీలకు పోతారు. ఎక్కడ బట్టీ దొరికితే అక్కడే గుడిసె. నేను ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలోనే ఉన్నా. పర్మనెంట్ అంటే ఏది రాయాలన్నా?”

మేము పీజీ చదువుతున్నవాళ్ళం నలుగురం ఆ గదిలో ఉన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఎవరమూ టక్కున చెప్పలేకపోయాం. చిన్నప్పటి నుంచీ వందసార్లు నింపిన గడి అది. నింపాం కానీ అర్థం తెలుసుకోలేదు. ఈ సంవత్సరం వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఇంగ్లీషు పాఠం రాయమని మన వార్డెన్ గారు అన్నప్పుడు, గ్రామరు మీద కాకుండా ఈ ఒక్క మాట మీదే రాద్దామని నిర్ణయించుకున్నాం.

ముందు స్పెల్లింగు. మన వాళ్ళు దీన్ని పలికేది ‘పర్మినెంటు’ అని, అందుకే రాసేటప్పుడు మధ్యలో ‘ఐ’ గానీ ‘ఇ’ గానీ పెడతారు. కొందరు మొదట్లోనే ‘పార్’ అని మొదలుపెడతారు. రెండూ తప్పే. పి-ఇ-ఆర్, ఎమ్-ఎ-ఎన్, ఇ-ఎన్-టి. మూడు మూడక్షరాలు, మొత్తం తొమ్మిది. నడుమ ‘మ్యాన్’ అనే మాట ఉందని గుర్తుపెట్టుకుంటే ఇక తప్పు పోదు. దానికీ మనిషికీ సంబంధం లేదు, అది గుర్తుకోసం మాత్రమే.

నిజానికి ఆ నడుమ ఉన్న మూడక్షరాలు లాటిన్ భాషవి. ‘మనేరే’ అంటే ఉండిపోవడం, నిలిచి ఉండడం. ముందున్న ‘పెర్’ అంటే ఆ కొస నుంచి ఈ కొసదాకా. రెండూ కలిస్తే ‘కడదాకా ఉండిపోయేది’ అని అర్థం. లాటిన్ నుంచి ఫ్రెంచికి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. ఇదే వేరు నుంచి ఇంగ్లీషులో ఇంకా చాలా మాటలు పుట్టాయి. ‘రిమైన్’ అంటే మిగిలి ఉండడం. ‘రెమ్నెంట్’ అంటే మిగిలిన ముక్క, బట్టల కొట్లో తాను చివర మిగిలే పీలిక లాంటిది. ‘మాన్షన్’ అంటే పెద్ద భవంతి, మనుషులు నిలిచి ఉండే చోటు కనుక. వీటన్నిటికంటే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ‘మీనియల్’. ఊడ్చే పని, కడిగే పని, కింద పని అని ఇప్పుడు చిన్నచూపుతో వాడే మాట. అదీ ఈ ఇంటిదే. ఒకప్పుడు ‘పెద్దింటిని అంటిపెట్టుకుని ఉండే మనిషి’ అని దాని అర్థం. భవంతికీ, ఆ భవంతి ఊడ్చే మనిషికీ భాషలో ఒకే తల్లి. డిక్షనరీలో ఇది చూసిన రాత్రి మా గదిలో చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం.

ఇక వాడుక. నామవాచకం ‘పర్మనెన్స్’, క్రియావిశేషణం ‘పర్మనెంట్లీ’. వ్యతిరేకం ‘టెంపరరీ’. మన ఊళ్ళలో ‘టెంపరవరీ’ అని ఒక అక్షరం ఎక్కువ వేస్తారు. కాలం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. అంటే కొంతకాలానికి లోబడినది.

పరీక్షల్లో తికమక పెట్టేది దీని చుట్టుపక్కల మాటలు. అన్నిటికీ తెలుగులో ‘శాశ్వతం’ అని రాసేస్తాం కాబట్టి తేడా తెలియదు. ‘డ్యూరబుల్’ అనేది వస్తువులకు చెల్లుతుంది. అరిగిపోకుండా, చిరిగిపోకుండా గట్టిగా మన్నేది. మన ట్రంకు పెట్టె డ్యూరబుల్, పర్మనెంట్ కాదు. ‘పెరెన్నియల్’లో ఉన్నది సంవత్సరం అనే లాటిన్ మాట. ఏడాది పొడుగునా ఉండేది అని. హిమాలయాల్లో పుట్టిన గంగ పెరెన్నియల్ నది అని భూగోళంలో చదువుకున్నాం. మన వాళ్ళు దాన్ని జీవనది అన్నారు, ఇంగ్లీషు మాటకన్నా అది బాగుంది. ‘లాస్టింగ్’ అంటే చాలాకాలం నిలిచేది, కానీ ఎప్పటికీ అని గ్యారంటీ ఇవ్వదు. స్నేహానికి, శాంతికి, ఒక మాస్టారు మనమీద వేసిన ముద్రకు వాడతాం. ‘ఎటర్నల్’ అంటే ఆదీ అంతమూ లేనిది. దాన్ని దేవుడికి వదిలేద్దాం.

మరి పర్మనెంట్? దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది వస్తువు గట్టిదనాన్ని చెప్పదు. ‘దీన్ని ఇక మార్చే ఉద్దేశం లేదు’ అని చెబుతుంది. అంటే ఇది ఉద్దేశాన్ని చెప్పే మాట. ఎవరి ఉద్దేశం అన్నది ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా పాఠమంతా సులువు.

రైల్వేలో పట్టాలు, స్లీపర్లు, కంకర కలిపి ‘పర్మనెంట్ వే’ అంటారు. పట్టాలు అరుగుతాయి, వాటిని మారుస్తూనే ఉంటారు. మరి పర్మనెంట్ ఎలా అయింది? మొదట్లో రైలుమార్గం వేసేటప్పుడు మట్టి, రాళ్ళు మోయడానికి ఒక తాత్కాలికపు లైను వేసుకునేవారు. పని అయ్యాక దాన్ని పీకేసి అసలు లైను వేసేవారు. ఆ పీకేసేదాన్నుంచి వేరుచేసి చెప్పడానికి దీన్ని పర్మనెంట్ అన్నారు. పాల పళ్ళు ఇరవై ఊడిపోయాక వచ్చే ముప్ఫైరెండు పళ్ళను పర్మనెంట్ పళ్ళు అనడం కూడా ఇలాంటిదే. మన వంటశాల బియ్యంలో రాళ్ళు తగిలినప్పుడు అవీ ఏమంత పర్మనెంట్ కావని తెలుస్తుంది.

ఉత్తర ధ్రువం చుట్టుపక్కల నేల గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ‘పర్మాఫ్రాస్ట్’ అంటారు. పర్మనెంట్‌లోంచి సగం తీసుకుని కట్టిన మాట. వేల ఏళ్ళుగా గడ్డకట్టిన నేల ఉంది, నిజమే. కానీ శాస్త్రవేత్తల నిర్వచనం ప్రకారం వరుసగా రెండేళ్ళు సున్నా డిగ్రీలు గానీ అంతకు తక్కువగానీ ఉంటే చాలు, అది పర్మాఫ్రాస్టే. భూమి వేడెక్కడంతో అది కరుగుతోంది కూడా. అలాగే బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పే ‘పర్మింగ్’. అదీ పర్మనెంట్‌కు పొట్టిపేరే. కొన్ని నెలల్లో కొత్త జుట్టు మామూలుగా మొలుస్తుంది.

పర్మనెంట్ మార్కర్ సంగతి మనందరికీ అనుభవమే. కంచం వెనక దాంతో పేరు రాసుకున్నాం. 2020 కరోనా తర్వాత హాస్టళ్ళు తెరిచినప్పుడు ప్రతిదానికీ శానిటైజర్ కొట్టమన్నారు. కొట్టాం. పేర్లు పోయాయి. ఆ మార్కర్ సిరా నీళ్ళకు లొంగదు కానీ ఆల్కహాల్‌కు లొంగుతుంది. ఆ వారమంతా నా కంచం నీ కంచం అని తగాదా. స్టీలు సామాన్ల కొట్లో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకున్నవాళ్ళు మాత్రం నిశ్చింతగా తిన్నారు.

సివిక్స్, పాలిటీ పరీక్షలకు పనికొచ్చేవి కొన్ని. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో పదిహేను సభ్యదేశాలుంటే అయిదు పర్మనెంట్: అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్. మిగతా పది రెండేళ్ళకోసారి మారతాయి. మన రాజ్యసభను ‘పర్మనెంట్ హౌస్’ అంటారు. 83వ అధికరణ ప్రకారం దాన్ని రద్దు చేయడం కుదరదు. కానీ అందులో ఒక్క సభ్యుడు కూడా పర్మనెంట్ కాదు. రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. సభ ఉంటుంది, సభ్యులు పోతారు. మన హాస్టల్ కూడా అంతేనని ఒక మిత్రుడు అన్నాడు. పోలిక బాగానే ఉంది కానీ మన బిల్డింగు పెచ్చులూడుతున్న సంగతి అతను లెక్కలో తీసుకోలేదు.

చరిత్రలో ఈ మాట మన తాతముత్తాతల నెత్తిన పడింది. 1793లో కార్న్‌వాలిస్ బెంగాల్‌లో ‘పర్మనెంట్ సెటిల్‌మెంట్’ తెచ్చాడు. 1802లో అదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలోకి, మన ఉత్తర సర్కారు జిల్లాల్లోకి వచ్చింది. మన పుస్తకాల్లో శాశ్వత శిస్తు పద్ధతి అని ఉంటుంది. జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ ఇంత అని ఎప్పటికీ మారకుండా తేల్చారు. ఇక్కడ మనం అడగాల్సిన ప్రశ్న: పర్మనెంట్ అయింది ఏది? కట్టాల్సిన సొమ్ము. అంతే. జమీందారు సకాలంలో కట్టకపోతే ఎస్టేటు వేలానికి పోయేది, అలా చాలామంది పోగొట్టుకున్నారు. రైతు జమీందారుకు ఇచ్చేదానికి అలాంటి హద్దు లేదు. ఆ పొలంలో పాలేరుతనం చేసిన మన వాళ్ళ ఊసు అందులో ఎక్కడా లేదు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ పద్ధతి పోయింది. శాశ్వతం అన్నది మన దగ్గర నూటనలభైఆరేళ్ళు నడిచిందన్నమాట.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. రాజ్యాంగం 343వ అధికరణలో కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు ఇంగ్లీషును పదిహేనేళ్ళు మాత్రమే, అంటే 1965 జనవరి దాకా వాడతామని రాసుకున్నారు. టెంపరరీ. తర్వాత 1963లో అధికార భాషల చట్టం చేసి ఆ గడువు దాటాక కూడా వాడుకోవచ్చన్నారు. ఇప్పుడు మనం దాని స్పెల్లింగులు బట్టీపడుతూ కూర్చున్నాం.

ఇక్కడ కాస్త ఆగి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. కాలేజీలో, బస్సులో, ఆఫీసుల్లో మనల్ని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “రిజర్వేషన్లు పదేళ్ళకే అని అంబేడ్కరే రాశాడట కదా, ఇంకా ఎన్నాళ్ళు? పర్మనెంటా?” మేము డిగ్రీ మొదటి ఏడాదిలో ఈ మాట విని తల దించుకుని వచ్చేశాం. జవాబు తెలియక. తెలుసుకున్నాక మీకు చెప్పకుండా ఉండలేం.

రాజ్యాంగంలో పదేళ్ళ గడువు ఉన్న మాట నిజం. అది 334వ అధికరణలో ఉంది. కానీ అది లోక్‌సభలోనూ, రాష్ట్రాల శాసనసభల్లోనూ ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన సీట్లకు మాత్రమే. దాన్ని పార్లమెంటు పదేసి ఏళ్ళ చొప్పున పొడిగిస్తూ వచ్చింది. చివరిసారి 104వ సవరణ ద్వారా 2030 జనవరి దాకా పొడిగించారు. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు వేరు. ఉద్యోగాలవి 16(4)లో మొదటి నుంచీ ఉన్నాయి. చదువులవి 15(4)లో ఉన్నాయి. మద్రాసు రాష్ట్రానికి చెందిన చంపకం దొరైరాజన్ కేసు తీర్పు తర్వాత 1951లో మొదటి సవరణగా దాన్ని చేర్చారు. ఈ రెండింటిలోనూ పదేళ్ళు అన్న మాట లేదు. ఏ గడువూ లేదు. అలాగని ‘పర్మనెంట్’ అన్న మాట కూడా లేదు. అవసరం ఉన్నంతవరకు ప్రభుత్వం చేయవచ్చు అన్న అర్థమే ఉంది. ఈసారి ఎవరైనా అడిగితే గొంతు పెంచవద్దు. అధికరణల నంబర్లు చెప్పండి. మేము చెప్పి చూశాం, మాట మారుస్తారు.

మరి మన కాగితాల్లో పర్మనెంట్ ఏది? కుల ధ్రువీకరణ పత్రం ఒకసారి సరిగా తీసుకుంటే అది ఎప్పటికీ చెల్లుతుంది. ఆదాయ ధ్రువీకరణకు మాత్రం మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఆదాయం మారొచ్చని ఆఫీసు నమ్మకం, కులం మారదని కూడా. ఆదాయపు పన్ను వాళ్ళిచ్చే పాన్ కార్డులో ‘పి’ అంటే పర్మనెంటే. పది అక్షరాల ఆ నంబరు ఇల్లు మారినా, ఊరు మారినా మారదు. పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా ఉండొచ్చు. మా తరగతిలో బ్యాంకు ఖాతా కోసం తీసుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

అసలు మన ఇళ్ళలో ఈ మాట వినబడేది ఒకే ఒక్క సందర్భంలో. “ఉద్యోగం పర్మినెంటేనా?” పెళ్ళి సంబంధాలకు వచ్చినవాళ్ళు జీతంకన్నా ముందు అడిగేది అదే. మా ఇళ్ళలో డిగ్రీ అన్న మాట మాతోనే మొదలైంది. కానీ పర్మనెంట్ అన్న మాట మా అమ్మానాన్నలకు ఎప్పటినుంచో తెలుసు. అది లేకపోవడం ఎలా ఉంటుందో తెలుసు కనుక.

మన హాస్టల్లో వంట చేసిన అక్క గురించి పాత విద్యార్థులు చాలామందికి తెలుసు. కొందరు ఉద్యోగాలొచ్చాక కూడా ఆమెను చూడడానికి వస్తారు. పద్దెనిమిదేళ్ళుగా పొయ్యి దగ్గరే ఉంది. ఇన్నేళ్ళలో వార్డెన్లు మారారు, మెనూ మారింది, ఏజెన్సీలు మారాయి. ఆమె మారలేదు. పేరు మాత్రం ఔట్‌సోర్సింగ్. “పర్మనెంట్ చేస్తారంట్రా?” అని పేపరు చదివే ప్రతివాణ్ణీ అడుగుతుంది.

చట్టం ఏమంటుందో ఆమె కోసమే చదివాం. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఉమాదేవి కేసులో తీర్పు ఇచ్చింది. పద్ధతి ప్రకారం నియామకం జరగకుండా, చాలా ఏళ్ళు పనిచేశాం కదా అన్న ఒక్క కారణంతో పర్మనెంట్ చేయమని అడిగే హక్కు లేదని చెప్పింది. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్ళు దాటి పనిచేస్తున్నవారి విషయం మాత్రం ఒక్కసారికి పరిశీలించమంది. ఆ తర్వాత చాలా ఆఫీసులు మొదటి సగాన్నే చూపించాయి. 2024 డిసెంబరులో జగ్గో కేసు వచ్చింది. కేంద్ర జల సంఘంలో దశాబ్దాలపాటు ఊడ్చి, తోటపని చేసి, ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపబడినవారి కేసు అది. ఉమాదేవి తీర్పును ఇలాంటివారికి వ్యతిరేకంగా ఆయుధంలా వాడకూడదని, పని ఎప్పుడూ ఉండేదైతే మనుషుల్ని టెంపరరీ అని పిలవడం తగదన్న అర్థంలో సుప్రీంకోర్టు చెప్పి, వాళ్ళను క్రమబద్ధీకరించమంది. ఇక్కడ ఒక చిన్న మెలిక గమనించండి. కోర్టు భాషలో ‘రెగ్యులర్’ వేరు, ‘పర్మనెంట్’ వేరు. రెగ్యులర్ అనేది నియామకం జరిగిన తీరును చెబుతుంది, పర్మనెంట్ అనేది ఆ ఉద్యోగం ఎంతకాలమో చెబుతుంది. గ్రూప్స్ రాసేవాళ్ళు ఈ రెండూ కలిపేయవద్దు. అక్క ఏజెన్సీ ద్వారా వచ్చింది కాబట్టి ఆమె సంగతి ఇంకా చిక్కు. ఆమెకు ఇదంతా చెప్పాం. విని, “అయితే ఇంకా కాలేదన్నమాట” అని పప్పులో తాలింపు వేసింది.

మళ్ళీ ఆ గడి దగ్గరికి వద్దాం. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన మిత్రుడు ఒకడు డిగ్రీలో మాతో ఉన్నాడు. 2021లో వాళ్ళ ఊరు ఖాళీ అయింది. ఇప్పుడు వాళ్ళది పునరావాస కాలనీలో ఇల్లు. ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్ళాడు. పర్మనెంట్ అడ్రస్ దగ్గర కాలనీ పేరు రాశాడు. అక్కడి గుమాస్తా కాగితాలు తిరగేసి, “నీ కుల పత్రంలో వేరే ఊరుంది. ఇదేంటి?” అన్నాడు.

“ఆ ఊరు ఇప్పుడు లేదు సార్. నీళ్ళొచ్చాయి.”

“లేకపోతే ఏం, రికార్డులో ఉందిగా. అదే రాయి.”

రాశాడు. ఉత్తరం ఇవ్వడానికి ఏ పోస్ట్‌మ్యానూ వెళ్ళలేని ఊరు వాడి పర్మనెంట్ అడ్రస్. ఈ సంగతి చెప్పేటప్పుడు వాడు నవ్వాడు, మేమూ నవ్వాం. తర్వాత ఎవరమూ అన్నాల దగ్గర ఎక్కువ మాట్లాడలేదు.

ఇంకో చిత్రం. ఉమ్మడి రాష్ట్రంలో 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు మనం ఏ జిల్లాకు ‘లోకల్’ అన్నది సొంత ఊరుని బట్టి కాకుండా పదో తరగతి వరకు ఎక్కడ చదివామన్నదాన్ని బట్టి తేల్చేవారు. కాబట్టి పక్క జిల్లా హాస్టల్లో చదివిన మన సీనియర్లు చాలామంది ఆ జిల్లాకే లోకల్ అయ్యారు. టెంపరరీ అని రాసిన అడ్రసే వాళ్ళ ఉద్యోగాన్ని తేల్చింది. అందుకే స్టడీ సర్టిఫికెట్లు ఒక్కటి కూడా పోగొట్టుకోవద్దు.

తమ్ముడికి చివరికి ఏం చెప్పామంటే: ఆ గడి నువ్వు ఎక్కడ ఎక్కువ రోజులు పడుకుంటున్నావని అడగడం లేదు. మిగతావన్నీ మారినా నీ ఆచూకీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతోంది. రేషన్ కార్డు, ఆధార్ ఏ ఊరి మీద ఉన్నాయో ఆ ఊరు రాయి. అన్ని దరఖాస్తుల్లోనూ ఒకే స్పెల్లింగుతో రాయి, ఒకదాంట్లో ఒకలా ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే రేపు నువ్వే తిరగాలి. ఇల్లు అద్దెదైనా, తలుపుకు తాళం వేసి ఉన్నా పర్లేదు. కరస్పాండెన్స్ అడ్రస్ అని వేరే గడి ఉంటే అక్కడ మాత్రం ఉత్తరం నిజంగా నీ చేతికి అందే చోటు వేయి. హాస్టల్ వేస్తే గది నంబరు కూడా రాయి, లేకపోతే ఇంటర్వ్యూ కార్డు ఆఫీసు బీరువాలో పడి ఉంటుంది. మాకు ఒకసారి అలాగే అయింది.

వాడు తలూపి, వాళ్ళ అమ్మమ్మ ఊరు రాశాడు. బట్టీ నుంచి ఎప్పుడు తిరిగొచ్చినా అమ్మానాన్న ముందు దిగేది అక్కడేనట. ఆధార్ కూడా అక్కడిదే. ఇంటి నంబరు, వీధి, మండలం, జిల్లా అన్నీ సరిగ్గా వేశాడు. పిన్‌కోడ్ దగ్గర మాత్రం అలవాటు కొద్దీ మన హాస్టల్‌ది రాసేశాడు. దిద్దించాం.